రోజువారీ పనికి నమ్మకమైన ల్యాప్‌టాప్: కర్నూలు, అనంతపురం, కడప వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ల్యాప్‌టాప్ ఏదైనా మొదటి ఏడాది బాగానే నడుస్తుంది. మన జిల్లాల్లో దాని అసలు సంగతి బయటపడేది మూడో ఎండాకాలంలోనో, నాలుగో ఎండాకాలంలోనో. కర్నూలులో ల్యాప్‌టాప్‌లు మరమ్మతు చేసే నన్ను, కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు చాలామంది కొన్న తర్వాత అడుగుతుంటారు. వాటినే ఇక్కడ ఒకచోట చేర్చాను. భారీ ఆటలకు, సినిమా ఎడిటింగ్‌కు కొనేవారికి ఈ జవాబులు చాలవు. చదువు, ఆఫీసు పని, లెక్కలు, ఇంటర్నెట్, వీడియో కాల్స్ కోసం నాలుగైదేళ్లు ఇబ్బంది పెట్టని యంత్రం కావాలనుకునేవారి కోసం రాశాను.

నమ్మకమైన ల్యాప్‌టాప్ అని దేన్ని చూసి చెప్పాలి?

వేగాన్ని చూసి చెప్పలేం. మధ్యరకం ధరలో దొరికే ప్రాసెసర్లలో (యంత్రం పని అంతా చేసే ప్రధాన చిప్‌లలో) చాలావరకు వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్, వీడియో కాల్‌కు సరిపోతాయి. నేను మొదట చూసేవి వేరు. లోపలి వేడిని ఎంత బాగా బయటికి తోస్తోంది, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే చోటు), బ్యాటరీ మార్చే వీలుందా, చెడిపోతే మీ ఊరికి సర్వీసు మనిషి వస్తాడా, మూత తెరిచి మూసే హింజ్‌లు గట్టిగా ఉన్నాయా. ఈ నాలుగూ బాగున్న యంత్రం ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువదైనా నిలుస్తుంది.

హింజ్ విషయం దుకాణంలోనే తేలిపోతుంది. మూతను ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తండి. తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం కిర్రుమన్నా, అడుగు భాగం నుంచి విడివడుతున్నట్టు కనిపించినా ఆ మోడల్ వద్దు. చవక మోడళ్లలో హింజ్‌ను పట్టి ఉంచే స్క్రూలు సన్నని ప్లాస్టిక్ దిమ్మెల్లోకి దిగి ఉంటాయి. రోజూ తెరిచి మూసేకొద్దీ ఆ దిమ్మెలు పగులుతాయి. అప్పుడు పై మూత మొత్తం మార్చాల్సి వస్తుంది.

మన ఎండలకు ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా?

ఏ ఉష్ణోగ్రత వరకు యంత్రాన్ని వాడవచ్చో కంపెనీలు సాంకేతిక వివరాల్లో రాస్తాయి. చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ హద్దు 35 డిగ్రీలు. ఆపిల్ కూడా తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమనే చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. మిద్దె మీది గదిలో ఫ్యాను వేసుకుని కూర్చున్నా గది వేడి 35కు పైనే ఉంటుంది. అంటే ఏటా రెండు మూడు నెలలు మన ల్యాప్‌టాప్‌లు కంపెనీ గీసిన హద్దు దాటి పనిచేస్తున్నాయి.

అంతమాత్రాన కాలిపోవు. వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం నత్తనడక నడిచిన ల్యాప్‌టాప్ రాత్రి పది తర్వాత చురుగ్గా ఉంటే మొదట అనుమానించాల్సింది వేడినే, వైరస్‌ను కాదు. ఎక్కువ నష్టం బ్యాటరీకి జరుగుతుంది. లిథియం బ్యాటరీ నూరు శాతం చార్జితో ఉండి, పైగా వేడిలో నానితే త్వరగా సత్తువ కోల్పోతుంది.

కాబట్టి కొనేటప్పుడు యంత్రాన్ని తిరగేసి చూడండి. అడుగున గాలి పీల్చుకునే చీలికలు విశాలంగా ఉండాలి. వేడి గాలి పక్క నుంచో వెనక నుంచో నేరుగా బయటికి పోవాలి. ఆ గాలి తెర అంచుకు తగిలి మళ్లే మోడళ్లు కూడా ఉన్నాయి. ఏసీ గదిలో వాడితే వాటితో చిక్కు లేదు, మామూలు ఇంట్లో అయితే పక్కకు ఊదేది మేలు. మరీ పలచటి యంత్రంలో గాలికి చోటు తక్కువ. రెండు వందల గ్రాముల బరువు ఎక్కువైనా కాస్త మందంగా ఉన్నదే తీసుకోమంటాను.

పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే అడుగు చీలికలు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టి, వెనక వైపు కాస్త ఎత్తు లేపితే చాలు. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి.

దుమ్ము సమస్యను ఎలా ఎదుర్కోవాలి?

దుమ్ములో కూడా ఊరికో రకం ఉంటుంది. ఆదోని నుంచి వచ్చే యంత్రాల్లో పత్తి నూగు కనిపిస్తుంది. తాడిపత్రి నుంచి వచ్చేవాటిలో బండల పాలిష్ పొడి మెత్తగా పేరుకుని ఉంటుంది. ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు దుమ్ము. అడుగు మూత విప్పి ఫ్యానును తీస్తే, ఫ్యానుకూ రాగి గొట్టం చివర ఉండే సన్నని లోహపు రెక్కలకూ మధ్య బూడిద రంగు పొర చాపలా అల్లుకుని ఉంటుంది. పట్టుకారుతో ఒక మూల పట్టి లాగితే ఆ పొర మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తుంది. అంతకాలం ఫ్యాను తిరుగుతూనే ఉంది, శబ్దమూ వస్తూనే ఉంది, గాలి మాత్రం అవతలికి పోలేదు. ఆ ముక్క తీసేశాక, వేరే ఏమీ మార్చకుండానే, ప్రాసెసర్ వేడి బాగా తగ్గిపోతుంది.

ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో, ఎండలు ముదరకముందే లోపల శుభ్రం చేయించండి. రెండు మూడేళ్లకు ఒకసారి ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు (దాని వేడిని బయటికి చేరవేసే పూత) కూడా మార్పించాలి. వారంటీలో ఉన్న యంత్రాన్ని కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే విప్పించండి. ఇంట్లో బ్లోయర్‌తో ఊదేవారు ఫ్యాను రెక్క తిరగకుండా పుల్లతో ఆపి ఊదాలి. లేకపోతే ఫ్యాను అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

కొనే ముందు ఆ మోడల్ అడుగు మూత మామూలు స్క్రూలతో తెరుచుకుంటుందో లేదో అడగండి. ఆ మోడల్ పేరుతో విప్పి చూపించే వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. పది నిమిషాలు చూస్తే లోపల ఏది మార్చవచ్చో, ఏది అతికించి ఉందో మీకే తెలిసిపోతుంది.

ఐ3, ఐ5, రైజెన్ 5. ఈ పేర్లలో ఏది మంచిది?

ఐ3, ఐ5 ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లు, రైజెన్ ఏఎండీ కంపెనీది. ముందు పేరు కంటే వెనక అంకెలు ముఖ్యం. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఏఎండీ రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అనే రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. పేరులో తేడా ఒక్క అంకె. మొదటిదానిలో 4 కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు), రెండోదానిలో 6 కోర్లు. 7000 వరుసలో మూడో అంకె చిప్ ఏ తరం డిజైనో చెబుతుంది. 2 ఉంటే పాత జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. పైగా 7520యూ ఉన్న యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేరు. దుకాణంలో రెండింటినీ "రైజెన్ 5, 7000 సిరీస్" అనే అంటారు.

ఇంటెల్‌లో 12వ తరం ఐ3-1215యూకు 6 కోర్లు, ఐ5-1235యూకు 10 కోర్లు. రోజువారీ పనికి మొదటిదే సరిపోతుంది. ఎన్100 వంటి ఎన్ వరుస చిప్‌లు బాగా చవక యంత్రాల్లో వస్తాయి. టైపింగ్‌కు, వీడియోలు చూడటానికి పరవాలేదు గానీ, బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబ్‌లు తెరిచి వీడియో తరగతి కూడా పెడితే ఆయాసపడతాయి. ఇప్పుడు ఇంటెల్ "ఐ" అక్షరం తీసేసి కోర్ 3, కోర్ 5, కోర్ అల్ట్రా అని పిలుస్తోంది. పేరు కొత్తదైనంత మాత్రాన లోపలి డిజైన్ కొత్తది కానక్కరలేదు.

చివర యూ అక్షరం ఉన్నవి తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో నడుస్తాయి. హెచ్ ఉన్నవి వేగమైనవే, కానీ వేడి ఎక్కువ, బ్యాటరీ త్వరగా దిగుతుంది. మన వాతావరణంలో మామూలు పనికి యూ చాలు.

ర్యామ్ 8 జీబీ సరిపోతుందా?

ఈరోజుకు సరిపోతుంది. నాలుగేళ్ల తర్వాత చాలదు. కుదిరితే 16 తీసుకోండి. కుదరకపోతే 8 జీబీతో పాటు ఒక ఖాళీ స్లాటు ఉన్న మోడల్ తీసుకుని, అవసరం వచ్చినప్పుడు ఇంకో 8 వేయించుకోండి. రెండు కార్డులు కలిసి పనిచేస్తే తెర మీది గ్రాఫిక్స్ కూడా మెరుగవుతాయి. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి దుకాణంలో రెండు ధరలూ అడిగి పోల్చుకోండి. కంపెనీ నుంచే 16 జీబీతో వచ్చే మోడల్ ఒక్కోసారి లాభంగా ఉంటుంది. "ర్యామ్ ఆన్‌బోర్డ్" అని మాత్రమే రాసి, స్లాటు ప్రస్తావన లేకపోతే అది పెంచుకునే వీలు లేనిదని అనుకోండి.

స్టోరేజీ సంగతి?

512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ. 64 లేదా 128 జీబీ ఈఎంఎంసీ అని రాసి ఉంటే ఎంత చవకైనా వద్దు. అది నెమ్మదిది, బోర్డుకు అతికించినది, విండోస్ అప్‌డేట్‌లకే నిండిపోతుంది.

512 అని కొన్నదానిలో కంప్యూటర్ 476 జీబీ చూపిస్తే కంగారు పడకండి. కంపెనీ, విండోస్ లెక్కపెట్టే పద్ధతుల్లో తేడా అది.

తెర ఎంత సైజు ఉండాలి?

రోజూ కాలేజీకి మోసుకెళ్లేవారికి 14 అంగుళాలు, ఇంట్లో, దుకాణంలో బల్ల మీద ఉండేదానికి 15.6. సైజు కంటే తెర రకం ముఖ్యం. 1920 × 1080 స్పష్టత, పక్క నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ ప్యానెల్ ఉండాలి. టీఎన్ ప్యానెల్‌ను పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. వెలుతురు 250 నిట్స్ అయితే గదిలో చాలు. వరండాలో కూర్చుని పనిచేసేవారు 300కు పైన చూసుకోండి.

సర్వీసు సెంటర్ మన ఊళ్లో లేకపోతే ఏమవుతుంది?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా డబ్బు కట్టకండి. వారంటీ రెండు రకాలు. మనిషి ఇంటికి వచ్చి బాగుచేసేది ఆన్‌సైట్. మీరే సెంటర్‌కు మోసుకెళ్లాల్సింది క్యారీ-ఇన్. మీ కంపెనీకి దగ్గర్లో సెంటర్ లేకపోతే రెండో రకం వారంటీ అంటే కర్నూలు వారికి హైదరాబాద్, అనంతపురం వారికి బెంగళూరు, కడప వారికి తిరుపతో చెన్నైయో. హైదరాబాద్, బెంగళూరు రెండూ 200 కిలోమీటర్లకు పైనే. ఒకసారి ఇచ్చి రావడం, ఒకసారి తెచ్చుకోవడం, మధ్యలో ఫోన్ల కోసం ఎదురుచూడటం. పరీక్షల సమయంలో ఒక విద్యార్థికి అది ఎంత నరకమో నేను దగ్గరగా చూస్తున్నాను.

కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీసు విభాగానికి వెళ్లి మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి. ఆ తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి, "ఈ పిన్‌కోడ్‌కు ఆన్‌సైట్ ఉందా" అని అడగండి. జిల్లా కేంద్రానికి ఉండి, పత్తికొండకో, కళ్యాణదుర్గానికో, బద్వేలుకో లేకపోవచ్చు. దుకాణదారుడి మాట ఒక్కటే నమ్ముకోకుండా కంపెనీ చెప్పిందే లెక్కలోకి తీసుకోండి.

వారంటీని పొడిగించుకుంటే కంపెనీ అమ్మేదే తీసుకోండి. మధ్యవర్తులు అమ్మే ప్లాన్లలో షరతులు ఎక్కువ. హాస్టల్‌లో ఉండే పిల్లలకు కింద పడినా, నీళ్లు ఒలికినా వర్తించే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ డబ్బుకు తగినదే. మామూలు వారంటీలో ఆ రెండూ రావు.

హెచ్‌పీ, డెల్, లెనోవో, ఆసుస్, ఏసర్. ఏ కంపెనీది కొనమంటారు?

కంపెనీ పేరు మీద జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. ప్రతి కంపెనీ దగ్గరా గట్టి మోడళ్లూ, నాసిరకం మోడళ్లూ ఉన్నాయి. ఒకే కంపెనీలో వరుసల మధ్య తేడా రెండు కంపెనీల మధ్య తేడా కంటే ఎక్కువ. ఆఫీసుల కోసం తయారుచేసే వరుసలు, అంటే లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ (2025 నుంచి కొత్తవి డెల్ ప్రో పేరుతో వస్తున్నాయి), హెచ్‌పీ ప్రోబుక్, ఎలైట్‌బుక్, ఆసుస్ ఎక్స్‌పర్ట్‌బుక్, ఏసర్ ట్రావెల్‌మేట్ వంటివి కీబోర్డులో, హింజ్‌లో, విడిభాగాల లభ్యతలో సాధారణంగా ముందుంటాయి. చూడటానికి ఆకర్షణ తక్కువ. బడ్జెట్ అందితే నా ఓటు వాటికే.

మన ఊరి దుకాణంలో కొనాలా, ఆన్‌లైన్‌లోనా, హైదరాబాద్ వెళ్లాలా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో రకాలు ఎక్కువ, బేరమూ ఆడవచ్చు. అయితే ప్రయాణం ఖర్చు, ఒక రోజు సమయం లెక్కేస్తే ఒక్క యంత్రం కోసం వెళ్లడం లాభం కాదు. ఆఫీసుకో, కోచింగ్ సెంటర్‌కో పది కొనేవారికి పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో దసరా, దీపావళి అమ్మకాలప్పుడు ధర తగ్గుతుంది. అక్కడ చూడాల్సింది అమ్మేవారి పేరు, జీఎస్‌టీ బిల్లు, పెట్టె మీ ముందే తెరిచి చూపించే డెలివరీ. ఊరి దుకాణంలో కొంచెం ఎక్కువైనా, చేతితో తాకి చూడవచ్చు, మొదటి వారంలో తేడా వస్తే ఎదురుగా వెళ్లి అడగవచ్చు. ఆన్‌లైన్ ధర చూపించి అడిగితే చాలా దుకాణాలు కొంత తగ్గిస్తాయి. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ నంబరు, యంత్రం సీరియల్ నంబరు ఉన్న బిల్లు తీసుకోండి. "బిల్లు వద్దంటే 18 శాతం మిగులుతుంది" అనే మాటకు లొంగకండి. వారంటీకి, ఫిర్యాదుకు బిల్లే ఆధారం.

వడ్డీ లేని ఈఎంఐ అన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద పడే జీఎస్‌టీ కలిపి మొత్తం ఎంత కడుతున్నారో కాగితం మీద రాయించుకుని, ఒకేసారి కట్టే ధరతో పోల్చండి.

మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరింది. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటోంది. అవసరమా?

జేఎన్‌టీయూ అనంతపురం పరిధి కాలేజీల్లో అయినా, కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎంలో అయినా, ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీలో అయినా ఏ బ్రాంచి అన్నదే జవాబును తేలుస్తుంది. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు మంచి యూ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ చాలు. ప్రోగ్రామింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. మెకానికల్, సివిల్ వారు త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడతారు కాబట్టి చిన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే మేలు. అది కూడా మొదటి ఏడాదిలోనే కొనాల్సిన పని లేదు.

గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోలు దాటుతుంది, చార్జరే ఇటుకంత బరువు. చార్జింగ్ లేకుండా తరగతిలో ఎక్కువసేపు నిలవదు. హాస్టల్ గదిలో మే నెలలో అది పుట్టించే వేడి వేరే. అమ్మాయికి ఇవన్నీ చెప్పి, సీనియర్లు ఏం వాడుతున్నారో అడిగి రమ్మనండి.

ట్యాలీ, డీటీపీ, డిజిటల్ సంతకం పనులకు ఏది?

విండోస్ ఉన్నదే. ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. ప్రొద్దుటూరు బంగారం దుకాణాల్లో, కర్నూలు మార్కెట్ యార్డు కమీషన్ ఏజెంట్ల దగ్గర రోజంతా అంకెలే కొడతారు కాబట్టి కుడి పక్కన అంకెల కీలు విడిగా ఉన్న 15.6 అంగుళాల కీబోర్డు తీసుకోండి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లకు కూడా విండోసే కావాలి.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలో మెరుగ్గా ఉన్నా, డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర పరికరాలు, పాత ప్రింటర్ల డ్రైవర్లు వాటిలో పనిచేయకపోవచ్చు. మీసేవ తరహా పనులు చేసేవారు ఇంటెల్, ఏఎండీ దాటి వెళ్లకండి. విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో వచ్చే క్రోమ్‌బుక్ కూడా ఈ పనులకు పనికిరాదు.

పెట్టె మీద "విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్" అని ఉంది. తెలుగు టైప్ చేయలేమా?

చేయవచ్చు. ఆ పరిమితి మెనూలు కనిపించే భాషకు మాత్రమే. సెట్టింగుల్లో భాషల విభాగంలో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు రెండూ ఉచితంగా వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రాబట్టడం అలవాటైనవారికి ఫొనెటిక్ సులువు.

"డాస్" అని రాసి ఉన్న మోడల్ ధర తక్కువగా కనిపిస్తుంది. అందులో విండోస్ ఉండదు, విడిగా కొనాలి.

మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకోవచ్చా?

బ్యాటరీ, తెర, ఏళ్ల తరబడి అప్‌డేట్‌లు చూస్తే అద్భుతమైన యంత్రం. రాసుకునేవారికి, ప్రోగ్రామర్లకు బాగా నప్పుతుంది. కానీ ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చినప్పటి నుంచి ఎయిర్‌లో ఫ్యాను లేదు, ఎండాకాలంలో బరువైన పని పెడితే వేగం తగ్గుతుంది. ర్యామ్ పెంచలేరు, వారంటీ తర్వాత మరమ్మతు ఖరీదు ఎక్కువ. 2024 అక్టోబరు నుంచి కొత్త ఎయిర్‌లకు కనీస ర్యామ్ 16 జీబీ అయింది. పాత నిల్వల్లో 8 జీబీది అంటగట్టకుండా చూసుకోండి.

మా దగ్గర 40 వేల లోపే ఉంది. ఏది వదులుకోవాలి?

ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, మెరిసే లోహపు మూత వదులుకోండి, వేలిముద్ర లాక్, వెలిగే కీబోర్డు వదులుకోండి. ఎస్‌ఎస్‌డీని, ఐపీఎస్ తెరను, ర్యామ్ పెంచుకునే వీలును, సర్వీసును వదులుకోకండి. కొత్తదానిలో ఇవన్నీ కలిసి రాకపోతే ఆఫీసులు వాడి వదిలిన మంచి యంత్రం వైపు చూడండి.

వాడిన ల్యాప్‌టాప్‌ను నమ్మవచ్చా?

జాగ్రత్తగా ఎంచుకుంటే నమ్మవచ్చు. బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి మార్చేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు మార్కెట్‌కు వస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు లక్షకు దగ్గరగా పలికిన యంత్రాలు అవి. నాసిరకం కొత్తదానికంటే వీటినే నేను ఇష్టపడతాను.

ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది వద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు దాదాపుగా 8వ తరం ఇంటెల్, లేదా రైజెన్ 2000 వరుస నుంచి పైవి కావాలి. "మేం ఎలాగోలా విండోస్ 11 వేసిస్తాం" అంటే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయండి.

ఎక్కువమందికి తెలియని చిక్కు ఒకటుంది. కంపెనీల యంత్రాలు వాళ్ల నెట్‌వర్క్‌కు కట్టుబడి ఉంటాయి. ఆ ముడి విప్పకుండా అమ్మితే, మీరు విండోస్ మళ్లీ వేసి ఇంటర్నెట్‌కు కలిపిన రోజు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది, ముందుకు పోనివ్వదు. దుకాణంలోనే విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మీ సొంత ఖాతాతో తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందేమో కూడా చూడండి.

బ్యాటరీ నివేదిక తీసి చూపించమనండి, విండోస్‌లోనే ఆ వీలుంది. అందులో మొదటి సామర్థ్యం, ఇప్పటి పూర్తి చార్జి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానిలో 70 శాతం కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ఖరీదు మేరకు ధర తగ్గించమని అడగండి.

పెట్టె మీద "ఏఐ ల్యాప్‌టాప్" అని రాసి ఉంటే ఎక్కువ ఇవ్వాలా?

ఇవ్వక్కరలేదు. చాట్ చేసే ఏఐ సేవల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో నడుస్తాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా వస్తాయి.

ల్యాప్‌టాప్ తాకితే జివ్వుమంటోంది. ప్రమాదమా?

చార్జింగ్ పెట్టినప్పుడు లోహపు మూత మీద చెయ్యి ఆనితే సన్నగా జివ్వుమనడం మన పల్లెల్లో, పాత మిద్దెల్లో తరచుగా వినే ఫిర్యాదు. చాలాసార్లు కారణం ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోవడమే. అడాప్టర్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగ గుండా పోవాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో వాడినా, ఎర్త్ తెగిపోయినా అది యంత్రం మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. గట్టిగా షాక్ కొడితే అడాప్టర్ వాడటం వెంటనే ఆపేయండి.

వోల్టేజీ ఎగుడుదిగుడులను ల్యాప్‌టాప్ అడాప్టర్లు చాలావరకు తట్టుకుంటాయి, 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసేలా తయారవుతాయి. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం ప్లగ్గు తీసేయండి. అడాప్టర్ పోతే ఫుట్‌పాత్ మీది నకిలీ కొనకండి. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు.

బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే?

ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేవారు కంపెనీ యాప్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు పెట్టుకోండి. చాలా మోడళ్లలో అది ఉంది.

టచ్‌ప్యాడ్ నొక్కితే దిగకపోయినా, ఒక పక్క పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. చార్జింగ్ ఆపేసి సర్వీసుకు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఇంట్లో విప్పడం చేయకండి, మంట అంటుకుంటుంది.

కొత్త పెట్టె తెరిచాక ఏం చూసుకోవాలి?

పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం అడుగున ఉన్నది, బిల్లులోది ఒకటేనా చూడండి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో తెలుస్తుంది. నెలల క్రితమే మొదలైపోయి ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. తెర మీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు రంగు పెట్టి చుక్కలు ఉన్నాయేమో చూడండి. ప్రతి కీని నొక్కండి. కెమెరా, మైకు, రెండు స్పీకర్లు, ప్రతి యూఎస్‌బీ రంధ్రం పరీక్షించండి. పెట్టె తెరవడాన్ని ఆపకుండా ఒకే వీడియోగా ఫోన్‌లో తీసి ఉంచుకోండి, మార్పిడి అడగాల్సి వస్తే పనికొస్తుంది.

వారంటీలో ఉన్నా బాగుచేయం అంటున్నారు. ఏం చేయాలి?

ఫోన్‌లో వాదించడం ఆపి, రాతలో పెట్టండి. కంపెనీకి ఈమెయిల్ పంపి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఎందుకు తిరస్కరించారో రాసి ఇవ్వమనండి. "నీళ్లు పడ్డాయి" అంటే ఎక్కడ పడిందో చూపే ఫొటోలు అడగండి. దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా ఫిర్యాదులు ఈ దశలోనే తేలుతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. బెంగళూరు కంపెనీ నుంచి ఆన్‌లైన్‌లో కొన్నా కడపలో ఉండేవారు కడపలోనే వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. బిల్లు, వారంటీ కాగితం, ఈమెయిళ్లు, సర్వీసు సెంటర్ ఇచ్చిన జాబ్‌షీటు (మరమ్మతు వివరాల కాగితం) జతచేయండి. యంత్రం ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌షీటు మీద సమస్యను మీ మాటల్లో రాయించి, తేదీ, ముద్ర వేయించుకోండి. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి.